అమ్మ మూడో చూపు

నాహా, ఒకినావా
1977 జనవరి 16

అక్కయ్యకి,

ఈ కొత్త సంవత్సరం నీకూ బావకీ సెలీనాకీ బాగుండాలి. నువ్వు పంపిన కాఫీ పొడి అందింది. చోకి మామయ్య ఒక గుక్క తాగి "ఇది మందా?" అని అడిగాడు. రెండో గుక్కకి "ఇంకొంచెం పొయ్యవే" అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని మా ఇంటికి వస్తున్నాడు. నీ బ్రెజిల్ వచ్చి నా నెత్తిన పడింది.

అసలు సంగతికి వస్తాను. ఈ జూన్‌కి అమ్మ పోయి ముప్ఫై మూడో ఏడు. ఇక్కడ ఊరంతా ఇదే మాట. ఎవరింటికి వెళ్ళినా ముప్ఫై మూడో ఏటి కార్యమే, అందరి మనుషులూ ఆ ఒక్క యుద్ధపు వేసవిలోనే పోయారు కదా. ఎర్రంచు చేపముద్దలు, ఎర్రరంగు పిండివంటలు ఆ వేళకి దొరకవేమోనని అప్పుడే కొట్లో చెప్పి పెట్టుకుంటున్నారు. నీకు తెలియనిది కాదు, ఆ రోజుతో ఏడుపు ఆఖరు. ఆ రోజు పాడి, ఆడి అమ్మని సాగనంపాలి. మర్నాటి నుంచి ఆమె పెద్దల్లో కలిసిపోయిన దేవత. మన ఒక్కరి అమ్మ కాదు, పేరు పెట్టి పిలవడానికి ఉండదు.

నాకు అమ్మ ముఖం గుర్తు లేదు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. నీ వీపు గుర్తుంది, నీ మెడ మీద చెమట వాసన గుర్తుంది. అమ్మ ముఖం మాత్రం ఎంత గింజుకున్నా రాదు. ఒక్క ఫోటో మిగల్లేదు.

మూడు చూపుల నాట్యం ఆడటానికి పోయినేడే గురువుగారు నాకు అనుమతి ఇచ్చారు. కానీ అది మా గురువుగారి నాట్యం. అమ్మది వేరట. షురి రాజుల కోటలో ఆడిన అమ్మవైపు తాతగారి దగ్గర తలుపులేసుకుని నేర్చుకుందట, పెళ్ళయ్యాక తలుపులేసుకునే ఆడిందట. పెద్దింటి ఆడవాళ్ళు ఆడితే బజారు మనిషి అనేవాళ్ళని మామయ్య చెప్పాడు. ఆయన వెనక కూర్చుని సన్షిన్ తీగలు మీటుతూ పాడేవాడు కాబట్టి అమ్మ వీపు తప్ప ఏమీ చూడలేదు. నేర్చుకున్నదానివి ఈ లోకంలో నువ్వొక్కదానివి.

ఆ రోజు అమ్మ నాట్యం నేనే ఆడాలి. ఆడితే ఆ ముఖం దొరుకుతుందేమోనని నా పిచ్చి ఆశ. నువ్వు రాలేవని తెలుసు, బావ నడుము సంగతీ, నూడుల్స్ కొట్టు సంగతీ తెలుసు. ఉత్తరాల్లో నేర్పు. కాదనకు.

నీ నోబు

కాంపో గ్రాండీ, బ్రెజిల్
1977 ఫిబ్రవరి 2

నోబూ,

నీకు మతి పోయిందా. నాట్యం ఉత్తరాల్లో నేర్పమంటావా. వేడి చారు పోస్టులో పంపమన్నట్టుంది. ఉత్తరం చదివి మీ బావ నవ్వీ నవ్వీ నడుం పట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ మంచం మీదున్నాడు, ఆ పాపం నీదే.

ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. సంతరోజున కొట్లో పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను. ఆదివారం మా వలసవాళ్ళ సంఘం హాల్లో ఆడపిల్లలకి నాట్యం. ఒక్కతికీ మోకాళ్ళ మీద కూర్చోవడం రాదు. నవ్వొద్దే అంటే పళ్ళన్నీ బయటపెడతారు. "టీచర్, ఈ నాట్యంలో ఏమీ జరగట్లేదు" అని మార్లీ అనే పిల్ల మొన్న నా మొహం మీదే అంది. లేచి ఆడి చూపించాను.

నిద్రలోంచి లేచిన ఆడమనిషి, కలలో కనబడినవాడు పక్కన లేడని తెలుసుకుంటుంది. అంతే కదా కథ. ఏడవదు, గుండెలు బాదుకోదు, చేతులు కూడా సరిగ్గా ఎత్తదు. మూడుసార్లు చూస్తుంది. ఆడటం అయ్యాక చూస్తే ఆ మార్లీ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కాసేపటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడి షురి కోట, ఎక్కడి మార్లీ. వాళ్ళ నాన్న గొడ్ల వ్యాపారి, అమ్మ ఇటలీ వాళ్ళ పిల్ల. ఆ చూపు ఆ పిల్లని ఎలా పట్టుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, అమ్మ కోసం అంటున్నావు కాబట్టి ప్రయత్నిస్తాను. పెరటి గదిలో అమ్మ తూర్పుకి, తోటకి ఎదురుగా నిలబడేది. నేను ఆమె వెనక నిలబడి చూసి నేర్చుకునేదాన్ని. అడుగు అరచేయంత కూడా ఉండకూడదు. మొదటి చూపు ఎండ వచ్చే వైపుకి, దూరంగా. మెడ తిప్పకు, ముందు కళ్ళు వెళ్ళాలి, మెడ వాటి వెనకాల వెళ్ళాలి. రెండో చూపు తిన్నగా ఎదురుగా, అక్కడ ఏమీ లేదన్నట్టు. ఈ రెండూ సాధన చెయ్యి. మూడోది తర్వాత చెబుతాను.

ఎక్కువ తినకు, నడుం కనబడాలి.

అక్క షిగె

నాహా
1977 ఫిబ్రవరి 20

అక్కయ్యకి,

నీ ఉత్తరాన్ని అద్దం పక్కన అతికించి సాధన చేస్తున్నాను. తూర్పుకి నిలబడ్డాను. ఎండ వచ్చేది దక్షిణం నుంచి కాబట్టి మొదటి చూపు కుడికి తిప్పాను. పాటతో కలిపి చూస్తే ఏదో అపస్వరంగా ఉంది. ఆ చోట పాట ఒకవైపు లాగుతోంది, నేను ఇంకోవైపు పోతున్నాను. గురువుగారు చూసి "ఇదేంటమ్మా, చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు ఆడుతున్నావు?" అన్నారు. మా అమ్మ పద్ధతి అని చెప్పాను. ఆవిడ మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు.

అక్కయ్యా, అమ్మ నిజంగా అలా కుడికే చూసేదా? నేను ప్రశ్నించడం లేదు. ఊరికే అడుగుతున్నాను.

నువ్వు వెళ్ళిపోయే రోజు ఓడ రేవులో నాకో మాట చెప్పావు గుర్తుందా, నాట్యం నేర్చుకో, నేర్చుకుంటే ఎప్పుడూ ఒంటరిగా ఉండవు అని. నేర్చుకున్నాను. నలుగురిలో ఆడుతున్నాను కూడా. అమ్మ తలుపులేసుకుని ఆడినదాన్ని నేను టిక్కెట్టు పెట్టి ఆడుతున్నాను. చూస్తే ఏమనేదో.

నోబు

కాంపో గ్రాండీ
1977 మార్చి 6

నోబూ,

నా కొంప ముంచావు కదే. కుడి కాదు, ఎడమ.

తప్పు నాదేలే. ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. ఇరవై ఏళ్ళుగా హాల్లో పిల్లల్ని తూర్పుకి నిలబెట్టి "ఎండ వైపు చూడండే" అని చెప్పి చెప్పి నా నోటికి అదే అలవాటైపోయింది. మీ ఊళ్ళో ఎండ అటు నుంచి రాదన్న సంగతే మర్చిపోయాను. చూశావా, సూర్యుడు కూడా నన్ను ఒకినావా దాన్ని కాకుండా చేశాడు. ఈ మాట రాసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. సెలీనా వచ్చి "ఏమైందమ్మా" అంది. ఏం లేదు, ఉల్లిపాయలు తరుగుతున్నా అన్నాను. చేతిలో పెన్ను తప్ప ఏం లేదు.

ఇప్పుడు మూడో చూపు. ఇదే అమ్మ నాట్యానికి ప్రాణం. మొదటి రెండు చూపులూ ఎవరైనా ఆడతారు. మూడోది కుడివైపు, కిందికి. నేల మీదికి. నీ నుంచి రెండు చాపల దూరంలో. గబుక్కున కాదు, పాటలో ఆ పొడుగు దీర్ఘం ఉంటుంది చూడు, ఊపిరి అయిపోతుందా అనిపించేది, అక్కడ చేతులూ కాళ్ళూ ఆగిపోవాలి. కళ్ళు ఒక్కటే దిగాలి. దిగి, అక్కడే ఉండాలి. అమ్మ మెడ ఎంత మెత్తగా వంగేదంటే, వెనక నిలబడ్డ నాకు ఊపిరి ఆగిపోయేది. మళ్ళీ పైకి రావడం ఇష్టం లేనట్టు వచ్చేది.

ఇక్కడి పిల్లలు ఆ చోటు వచ్చేసరికి అందరూ మారిపోతారు. అల్లరి పిల్లలు కూడా. ఎందుకో నాకు తెలియదు, నేను చెప్పేది కుడికి, కిందికి అని మాత్రమే.

అక్క

నాహా
1977 మార్చి 21

అక్కయ్యకి,

వచ్చే ఏడాది ఇక్కడ బళ్ళన్నీ కుడి నుంచి ఎడమకి మారతాయట, జపాన్ వాళ్ళలాగా. "మా నోబు ముందే మారిపోయింది" అని మామయ్య వీధంతా చెప్పి నవ్విస్తున్నాడు. ఎడమకి తిప్పాక మొదటి చూపు పాటలో ఇట్టే ఇమిడిపోయింది. అమ్మ నాట్యం నా ఒంట్లోకి కొంచెం వచ్చింది అనిపించి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

మూడోది మాత్రం కుదరడం లేదు. కోపం తెచ్చుకోకు. ఏ సంప్రదాయంలోనూ మూడో చూపు నేల మీదికి లేదు. అందరూ పైకి, చాలా దూరం చూస్తారు, పోయినవాడు ఆ దూరంలో ఉన్నాడు కాబట్టి. కలలో కనబడిన మనిషి కోసం రెండు చాపల దూరంలో నేల మీద వెతకడమేంటి? అర్థానికే అతకదు. గురువుగారిని అడిగాను. "మీ అక్కగారు అప్పటికి పదకొండు, పన్నెండేళ్ళ పిల్ల కదమ్మా. పైగా ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉన్నారు. మర్చిపోయి ఉంటారు, తప్పేం లేదు" అన్నారు.

ఒకసారి బాగా గుర్తు తెచ్చుకుని చూడు. ఎండ సంగతి పొరపాటైనట్టే ఇది కూడా అయి ఉండొచ్చు కదా. రోజులు దగ్గర పడుతున్నాయి, అందరిముందూ తప్పు ఆడితే అమ్మకే అవమానం.

నోబు

కాంపో గ్రాండీ
1977 ఏప్రిల్ 3

నోబుకి,

ఆ జూన్‌లో నిన్ను వీపున కట్టుకుని దక్షిణానికి నడిచినప్పుడు నా జ్ఞాపకం మీద నీకు అనుమానం రాలేదే. ఎక్కడ నీళ్ళున్నాయో, ఏ గుహలో చోటుందో గుర్తు పెట్టుకున్నది ఆ పన్నెండేళ్ళ పిల్లే. అప్పటికి పధ్నాలుగు.

అమ్మ పోయాక, నడిచినంత దారీ ఆ నాట్యమే మనసులో ఆడుకుంటూ నడిచాను. ఒక్క వేలి వంపు మర్చిపోయినా అమ్మ పూర్తిగా పోతుందని. తర్వాత శిబిరంలో ఆడుకున్నాను. ఓడలో ఆడుకున్నాను. ఇక్కడ పత్తి చేలో గోనె పట్టుకుని ఆడుకున్నాను. నేను మర్చిపోలేదు.

నీ గురువుగారు అంత తెలిసినవారైతే ఆవిడ నాట్యమే ఆడుకో. నన్ను అడగకు.

షిగె

నాహా
1977 ఏప్రిల్ 15

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. అలా రాసినందుకు నా వేళ్ళు విరగ్గొట్టుకోవాలి. దారంతా ఆడుకుంటూ నడిచావని నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు. నేను నీ వీపు మీదే ఉన్నాను కదా, మరి నాతో పాటు ఆ నాట్యం కూడా మోశావన్నమాట. చదువుతుంటే నాకు భయం వేసింది, గుళ్ళో వేసే భయంలాంటిది.

నువ్వు చెప్పినట్టే ఆడతాను. కిందికే చూస్తాను. అర్థం తెలియకపోయినా సరే. కానీ అలా చూస్తే నాకు చాప కనబడుతోంది అక్కయ్యా, చాప తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అద్దంలో చూసుకుంటే కింద పడిన దువ్వెన వెతుక్కుంటున్నదానిలా ఉన్నాను. అలిగి కూర్చోకు. తిట్టడానికైనా ఒక ఉత్తరం రాయి.

నోబు

కాంపో గ్రాండీ
1977 ఏప్రిల్ 28

నోబూ,

అలగలేదు. కొంచెం అలిగాను. మీ బావ "చెల్లెలితో గొడవేసుకుని నా చారులో ఉప్పెక్కువేస్తే ఎలా?" అన్నాడు.

ఒకినావా వాళ్ళు అక్కడ ఏడాది నేర్చుకోవడానికని మా పిల్లల్ని పిలుస్తుంటారుగా, ఈసారి సంఘం వాళ్ళు సెలీనాని పంపుతున్నారు. వచ్చే నెల మొదటి వారంలోనే బయల్దేరుతోంది. ఉత్తరంలో పట్టనిది దాని ఒంట్లో ఉంది. నేను నడిచినట్టు నడుస్తుంది, అమ్మ ఆడినట్టు ఆడుతుంది. దాన్ని చూసి నేర్చుకో. నీ సొంత అక్క కూతురి దగ్గర నేర్చుకోవడానికి నామోషీ పడకు.

ముందే చెబుతున్నాను. అది గట్టిగా నవ్వుతుంది. కనబడిన వాళ్ళందరినీ కావలించుకుని బుగ్గ మీద ముద్దు పెడుతుంది, అది ఇక్కడి మర్యాద. మీ గురువుగారి దగ్గర కాస్త పట్టుకో. జపాన్ భాష అంతంతమాత్రం, ఇంట్లో మాట్లాడిన షురి మాటలే వచ్చు.

అమ్మ రాయికి నా బదులు దణ్ణం పెట్టించు. ఎముకలు దొరక్క సముద్రపు ఒడ్డున ఏరి కుండలో పెట్టిన రాయి అని చెప్పాను దానికి. "మరి రాయికి అమ్మమ్మ అని తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను.

అక్క

నాహా
1977 మే 22

అక్కయ్యకి,

నీ కూతురు క్షేమంగా చేరింది. విమానాశ్రయంలో నన్ను కావలించుకుని నేల మీంచి ఎత్తేసింది. బస్సెక్కగానే డ్రైవరుతో మాట్లాడింది. అవ్వల కాలం నాటి షురి మాటలు, "తమరు దయచేసి మమ్మల్ని కోట దగ్గర దించుతారా" అన్న ధోరణిలో. అతను బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగి చూశాడు. "మా నాయనమ్మ పోయాక ఈ మాటలు వినలేదమ్మా" అన్నాడు. బస్సులో వాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు. ఇక్కడ పిల్లలెవరికీ రాని మాటలు ఆ దేశం నుంచి వచ్చిన పిల్ల నోట్లో ఉన్నాయి. గురువుగారికి బుగ్గ మీద ముద్దు పెట్టనే పెట్టింది. ఆవిడ చెయ్యి బుగ్గ మీద పెట్టుకుని అరగంట కూర్చున్నారు. కోపంతో కాదనే అనుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు.

మొన్న వాన పడుతుంటే స్టూడియోలో దాన్ని ఆడమన్నాను. చోకి మామయ్య సన్షిన్ తెచ్చుకుని వెనక కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. అప్పటిదాకా బిస్కట్లు తింటూ నవ్వుతున్న పిల్ల లేచి నిలబడింది. అక్కయ్యా, ఆ మొదటి అడుగు చూడగానే నేనింతకాలం నేర్చుకున్నదీ నేర్పుతున్నదీ ఏమిటో అనిపించింది. గదిలో వాన చప్పుడు కూడా వెనక్కి తగ్గినట్టుంది. మొదటి చూపు వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మామయ్య ఆ పొడుగు దీర్ఘం అందుకున్నాడు. సెలీనా మెడ కుడికి వంగింది, కళ్ళు కిందికి దిగాయి.

పాట ఆగిపోయింది. తీగ తెగిందేమోనని చూశాను. తెగలేదు. మామయ్య తీగలు మీటే కొమ్ముపుల్ల పట్టుకుని అలాగే ఉన్నాడు.

"ఆ మెడ," అన్నాడు. "అదే మెడ. మళ్ళీ చూస్తాననుకోలేదు."

"ఆ చూపు సరైనదేనా మామయ్యా, మూడోది నేల మీదికేనా?" అని అడిగాను.

"నాకేం తెలుసే, నేను వెనకున్నాను, కళ్ళు నాకెప్పుడూ కనబడలేదు. మెడ అటు తిరిగేది, అంతవరకే తెలుసు." అని, కొమ్ముపుల్ల కింద పెట్టి ఇలా అన్నాడు. "అటుపక్క నువ్వే కదా పడుకునేది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. విసుక్కున్నాడు.

"నువ్వేనే. ఏడాది పిల్లవి. ముందు గదిలో ఉండే మీ నాన్నవైపు తాతకి నా పాట అలవాటే, కానీ నువ్వు లేచి ఏడిస్తే లోపలికి వచ్చేస్తాడని అమ్మకి భయం. వస్తే ఆట బయటపడుతుంది. అందుకని మధ్యలో ఓసారి చూసుకునేది. పాటలో ఆ చోటు తప్ప ఇంకెక్కడ కుదురుతుంది? మిగతా పాటంతా చేతికో కాలికో పని ఉంటుంది. అక్కడొక్కచోటే కళ్ళు ఖాళీ."

సెలీనా ఇంకా అదే భంగిమలో నిలబడి ఉంది. "పిన్నీ, మళ్ళీ మొదలెట్టనా?" అంది. వద్దని చెయ్యి ఊపాను.

అది నాట్యం కాదట అక్కయ్యా. ఆ మూడో చూపు నాట్యంలో లేనే లేదు.

ఏం చెయ్యమంటావు? కార్యంలో సరిదిద్ది ఆడాలా, అలాగే ఆడాలా? నాకు ఏమీ తోచడం లేదు. వెంటనే రాయి.

నోబు

కాంపో గ్రాండీ
1977 జూన్ 5

నోబూ,

నీ ఉత్తరం కొట్లో చదివాను. గిరాకీ నిలబడి ఉన్నారు. మీ బావ వచ్చి నా చేతిలో గరిటె తీసుకుని నన్ను లోపలికి పంపాడు.

నిన్ను అక్కడ పడుకోబెట్టింది నేనే. అమ్మ ఆట మొదలుపెట్టే ముందు నా పని అదే, చాప పరిచి, నిన్ను జోకొట్టి, నీ పొట్ట మీద గుడ్డ కప్పి, తర్వాత వెళ్ళి అమ్మ వెనక నిలబడేదాన్ని. ఆ చాప గుర్తుంది. చాప మీద నువ్వు పిడికిళ్ళు బిగించి పడుకోవడం గుర్తుంది. అమ్మ మెడ వంగడం గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. ఈ రెండూ ఒక్క చోటే అని నాకెప్పుడూ తట్టలేదు. అమ్మ చేసినదంతా నాట్యమే అనుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లకి అమ్మ చేసేది ఏదైనా నాట్యమే కదా.

మీ గురువుగారు అన్నది నిజమే అయింది. మర్చిపోలేదు కానీ తప్పే నేర్చుకున్నాను.

పోయిన ఆదివారం హాల్లో పిల్లలు ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాను. మార్లీ, ఐవోనీ, ఆ వరసలో అందరూ, ఒక్కసారిగా మెడలు వంచి కుడివైపు కిందికి చూశారు. నిన్ను చూస్తున్నారే వాళ్ళు. ఈ ఎర్రమట్టి ఊళ్ళో, ఇంతమంది పిల్లలు, నువ్వెవరో తెలియని పిల్లలు, ఇరవై ఏళ్ళుగా నువ్వు నిద్ర లేచావేమోనని చూస్తున్నారు. బల్ల మీద కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా బాధ ఇది. ఇంతకాలం సంప్రదాయం అని చెప్పి నేర్పాను. వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, వాళ్ళ కూతుళ్ళకీ నేర్పుతున్నారు. వాళ్ళకి ఏం చెప్పను? మూడో చూపు పైకి, దూరంగా అని మార్చి నేర్పనా? తెలిసి తెలిసి తప్పు నేర్పకూడదు కదా. మార్చడానికి నాకు చెయ్యి రావడం లేదు.

కార్యం సంగతి నువ్వే తేల్చుకో. అక్కడ ఉన్నదానివి నువ్వు. నువ్వెలా ఆడితే అదే సరి. ఆ తర్వాత నాకు చెప్పు, నేనూ అలాగే నేర్పుతాను.

అక్క

నాహా
1977 జూన్ 25

అక్కయ్యకి,

కార్యం బాగా జరిగింది. వాన వెలిసింది. ఎర్రంచు చేపముద్దలు సరిపోయాయి, పంది మాంసం కొంచెం మిగిలింది, అదీ మామయ్య పట్టుకెళ్ళాడు. నీ పేరు మీద ధూపం వేశాం. సెలీనా రాయికి దణ్ణం పెట్టి, దాన్ని కూడా ముద్దు పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

గురువుగారు వచ్చారు. ముందుగా ఆవిడకి విషయం చెప్పాను. పాతకాలం మనిషి, సరిదిద్దమంటారనుకున్నాను. ఆవిడ మాత్రం, "మూడో చూపు ఎక్కడికి వెళ్ళాలి అని నేనూ మా గురువుగారిని అడిగానమ్మా. పోయినవాళ్ళు ఎక్కడుంటే అక్కడికి అన్నారు. నేను పైకి అనుకున్నాను" అన్నారు.

నేను ఆడలేదు అక్కయ్యా.

ఆర్నెల్లు నిన్ను చంపుకుతిన్నాను కదా, నేనే ఆడాలని. బట్ట కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను, ఆ పువ్వుల రంగుల వస్త్రం. ఆ పొద్దున దాన్ని తీసి సెలీనాకి కట్టాను. దాని నడుం నాకంటే సన్నం, నువ్వన్నది నిజమే. "మరి నువ్వు, పిన్నీ?" అని అడిగింది. నా పని వేరే ఉందని చెప్పాను.

గదిలో దాన్ని తూర్పుకి నిలబెట్టాను. మామయ్య వెనక కూర్చున్నాడు. పాడగలడా అని భయపడ్డాను, కానీ గొంతు ఎక్కడా వణకలేదు. నేను వెళ్ళి దాని కుడివైపు, రెండు చాపల దూరంలో, నేల మీద కూర్చున్నాను. చుట్టాలందరూ గోడ వారగా ఉంటే నేనొక్కదాన్నే మధ్యలో. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ముప్ఫై ఆరేళ్ళదాన్ని, పదిమందికి నేర్పేదాన్ని, నా శిష్యురాళ్ళు చూస్తుండగా.

మొదటి చూపు ఎడమకి వెళ్ళింది, రెండోది ఎదురుగా వెళ్ళింది. అడుగులు ఎలా పడ్డాయో, వేళ్ళు ఎలా ఉన్నాయో నన్ను అడగకు, నేను చూడలేదు. జీవితంలో మొదటిసారి నాట్యాన్ని టీచరులా చూడలేదు. మామయ్య దీర్ఘం అందుకున్నాడు. అన్నీ ఆగిపోయాయి. కళ్ళు దిగాయి.

దిగి నా మీద ఆగాయి.

సెలీనా కళ్ళే అవి, నాకు తెలుసు. కానీ ఆ చూపు దానిది కాదు. ఆ పిల్ల నన్ను చూసి రెండు నెలలు కూడా కాలేదు, అలా చూడలేదు, ఎవరూ చూడలేరు. ఏడ్చానా, లేచానా, చలేస్తోందా, అన్నీ అందులో ఉన్నాయి. నేను ఏమీ చెయ్యలేదు. కదలకుండా కూర్చున్నాను, కదిలితే ఆట ఆగిపోతుందేమోనని. పాట పైకి లేచింది, కళ్ళు మళ్ళీ పైకి వెళ్ళాయి. ఇష్టం లేనట్టే వెళ్ళాయి, నువ్వు రాసినట్టే.

ఆ తర్వాత అందరూ లేచి ఆడారు. నేను కూడా ఆడాను, చేతులు పైకెత్తి, పిచ్చిదానిలా. అమ్మని పంపేశాం. ఇప్పుడు దేవత. నిన్నటి నుంచి పూజలో అమ్మ పేరు తియ్యడం లేదు, అలవాటు తప్పి ఒకసారి అనబోయి నాలుక కరుచుకున్నాను.

నువ్వు అడిగిందానికి జవాబు. ఏమీ మార్చకు. కుడికి, కిందికి అనే చెప్పు, పిల్లలు నేర్చుకున్నట్టే నేర్చుకోనీ. నేనూ ఇక్కడ అలాగే నేర్పుతాను, గురువుగారికి చెప్పేశాను. ఏ పిల్లయినా అక్కడ ఏముంది టీచర్ అని అడిగితే, మా చెల్లెలు అని చెప్పు.

నీ నోబు